నెట్ అడ్రస్ ఒకటే, వాడేవాళ్లు వందమంది: బ్లాక్ పడినా, వైరస్ మెయిల్ వచ్చినా ఏం చేయాలి

నేను ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే రోజుల్లో, ఒక సోమవారం పొద్దున పని మొత్తం ఆగిపోయింది. ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు, ఆఫీసులో 5, అన్నిటికీ కలిపి నెట్ లైను ఒకటే. గూగుల్‌లో ఏం వెతికినా ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి మీరు రోబో కాదని నిరూపించుకోమంటోంది. కాలేజీకి సొంత మెయిల్ సర్వర్ ఉండేది. దాని నుంచి పంపిన మెయిళ్లన్నీ పంపినంత వేగంగా వెనక్కి వస్తున్నాయి. మీటింగ్ పెట్టారు. ఎవరూ ఏమీ చూడకముందే తప్పు ఎవరిదో తేల్చేశారు, వెనక వరసలో గేములు ఆడే కుర్రాళ్లదని. ముగ్గురిని ల్యాబ్‌లోకి రావద్దన్నారు. మూడు రోజులు వెతికాక వైరస్ దొరికింది, ఫీజు రసీదులు కొట్టే ఆఫీసు కంప్యూటర్‌లో. బిల్లు అని వచ్చిన ఒక అటాచ్‌మెంట్‌ను అక్కడ ఎవరో తెరిచారు. ఆ వైరస్ కుమ్మరించిన మెయిళ్ల వల్లే బయటివాళ్లు కాలేజీ నెట్ అడ్రస్‌ను అడ్డుకున్నారు, అంటే బ్లాక్ చేశారు. ఆ ముగ్గురు పిల్లలకూ దాంతో ఏ సంబంధమూ లేదు.

ఆ పిల్లల మొహాలు నాకింకా గుర్తున్నాయి, అందుకే ఇది రాస్తున్నాను. ఐపీ అడ్రస్ అంటే నెట్‌లో మన లైనును గుర్తుపట్టే నంబరు. దాన్ని చూసి మనిషిని పట్టుకోలేం. మెయిల్లో పైన కనిపించే పేరు చూసి కూడా పట్టుకోలేం. ఈ రెండూ మనసులో పెట్టుకుని కింద చెప్పినట్టు వరసగా చేసుకుంటూ వెళ్తే ఇల్లయినా, షాపయినా, నెట్ సెంటరయినా, కాలేజీ అయినా చాలావరకు మీరే సరిచేసుకోగలరు.

మీ అడ్రస్ మీ ఒక్కరిదేనా? ముందు అది చూడండి

మనం ఇప్పటికీ వాడే ఐపీవీ4 పద్ధతిలో ఒక అడ్రస్ 32 బిట్లలో (ఒక్కో బిట్ 0 లేదా 1) ఇమడాలి. ఆ లెక్కన మొత్తం అడ్రస్‌లు 429 కోట్ల పైచిలుకు, అంతకు మించి ఒక్కటి కూడా రాదు. ప్రపంచమంతటికీ వీటిని పంచే ఐఏఎన్ఏ తన దగ్గర మిగిలిన చివరి కట్టలను 2011 ఫిబ్రవరి 3న ఇచ్చేసింది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ దగ్గర మామూలు నిల్వ అదే ఏడాది ఏప్రిల్‌లో నిండుకుంది. మన దగ్గర ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్లు వచ్చింది ఆ తర్వాతే. ఉన్న కాసిని అడ్రస్‌లను అందరికీ ఎలా సర్దాలి? అందుకు కంపెనీలు ఒక్కో అడ్రస్ వెనక చాలామంది కస్టమర్లను కూర్చోబెట్టాయి. ఈ పద్ధతిని సీజీనాట్ అంటారు.

అపార్ట్‌మెంటుకు డోర్ నంబర్ ఒకటే, లోపల 60 ఫ్లాట్లు ఉన్నట్టు అన్నమాట. వీధిలోంచి చూసేవాళ్లకు తెలిసేది ఆ ఒక్క నంబరే. ఏ ఉత్తరం ఏ ఫ్లాటుదో లోపలి వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకంలో మాత్రమే ఉంటుంది. నెట్‌లో ఆ పుస్తకం కంపెనీ దగ్గర ఉంటుంది, అందులో ఫ్లాట్ నంబరు లాంటిదాన్ని పోర్ట్ నంబర్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, ఫిర్యాదు రాసేటప్పుడు పనికొస్తుంది.

మీ సంగతి తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. వైఫైకి కలిసి ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో 192.168.1.1 అని గానీ 192.168.0.1 అని గానీ కొట్టండి. సరైన నంబరు, పాస్‌వర్డ్ మామూలుగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అనో ఇంటర్నెట్ ఐపీ అనో ఒక నంబరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే కంప్యూటర్‌లో గూగుల్‌కి వెళ్లి వాట్ ఈజ్ మై ఐపీ అని వెతకండి. రెండు నంబర్లూ ఒకటే అయితే ఆ అడ్రస్ ప్రస్తుతానికి మీ లైనుదే. వేరువేరుగా ఉండి, రౌటర్‌లో కనిపించింది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. ఆ వరసను 2012లో సరిగ్గా ఈ పని కోసమే కేటాయించారు. 10తో మొదలైనా, 172.16 నుంచి 172.31 మధ్య ఉన్నా అర్థం దాదాపు అదే. అలా వెతికితే కనిపించిన నంబరులో చుక్కల బదులు కోలన్లు, మధ్యలో అక్షరాలు ఉంటే అది ఐపీవీ6 అనే కొత్త పద్ధతి అడ్రస్. దాన్ని రౌటర్‌లోని ఐపీవీ4 నంబరుతో పోల్చకండి. ఐపీవీ4 మాత్రమే చూపించే సైటు ఒకటి తెరిచి మళ్లీ చూడండి.

మొబైల్ డేటా వాడేవాళ్లకు ఈ పరీక్ష అక్కర్లేదు. ఐపీవీ4 విషయంలో ఫోన్లు పంచుకున్న అడ్రస్ మీదే ఉంటాయని అనుకుని ముందుకెళ్లండి.

బ్లాక్ పడిందని తెలియగానే

టెన్షన్ పడి రౌటర్ ఆపేయకండి. ముందు నాలుగు సంగతులు రాసుకోండి: ఏ సైటు, సరిగ్గా ఏ టైముకి, స్క్రీన్ మీద ఏం రాసి ఉంది, అప్పుడు మీ ఐపీ ఏమిటి. స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి. రౌటర్ ఆపి వేస్తే అడ్రస్ మారిపోవచ్చు. అప్పుడు ఏ అడ్రస్ మీద బ్లాక్ పడిందో మీకే తెలియకుండా పోతుంది.

తర్వాత అదే సైటును మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటే సమస్య మీ నెట్ లైనుది. అక్కడా తెరుచుకోకపోతే ఆ సైటే ఆగిపోయి ఉండవచ్చు, లేదా మీ ఖాతా మీదే ఏదో చర్య తీసుకుని ఉండవచ్చు, అప్పుడు ఐపీ గురించి తవ్వితే పెద్దగా లాభం లేదు. ఖాతా పేరుతో ఆ సైటువాళ్లకే రాయండి.

లైనుదే సమస్య అని తేలితే స్పామ్‌హాస్ సైటులో మీ ఐపీ కొట్టి చూడండి. 1998 నుంచి చెడ్డ మెయిళ్లు పంపే అడ్రస్‌ల జాబితాలు నడుపుతున్న సంస్థ అది. ప్రపంచంలో చాలా మెయిల్ సర్వర్లు దాన్ని అడిగే మెయిల్ తీసుకుంటాయి. అక్కడ మీ అడ్రస్ కనిపించిందని గుండెలు బాదుకోకండి, ఏ జాబితాలో ఉందో చూడండి. పీబీఎల్‌లో ఉంటే అది తప్పేమీ కాదు. ఇళ్లకు ఇచ్చే అడ్రస్‌ల నుంచి నేరుగా మెయిల్ సర్వర్లకు మెయిల్ వెళ్లకూడదు అనే నియమం కింద మామూలు ఇంటి కనెక్షన్లు చాలావరకు అందులో పడతాయి. జీమెయిల్ వాడేవాళ్లకు దానివల్ల ఇబ్బంది లేదు. ఎక్స్‌బీఎల్‌లో ఉంటే మాత్రం పట్టించుకోవాలి. ఆ అడ్రస్ వెనక ఎక్కడో వైరస్ పట్టిన మిషన్ ఒకటి ఉందని దాని అర్థం. అది మీ ఇంట్లోదే కావచ్చు, అదే అడ్రస్ పంచుకున్న ఇంకో వీధివాళ్లదీ కావచ్చు.

కొందరు వెంటనే ఉచిత వీపీఎన్ (మన రాకపోకలను ఇంకొకరి సర్వర్ మీదుగా తిప్పే యాప్) వేసుకోమని సలహా ఇస్తారు. నేను వద్దనే చెప్తాను. ఉచిత వీపీఎన్ అడ్రస్‌ను మీకు ముందే ఎంతోమంది వాడి, పాడుచేసి ఉంటారు. చిన్న గుంపులోంచి పెద్ద గుంపులోకి వెళ్లినట్టే అవుతుంది, పైగా మీ రాకపోకలన్నీ ఎవరో తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

రౌటర్‌ను ఓ పావుగంట ఆపి వేస్తే కొత్త అడ్రస్ రావచ్చు, సమస్య పోయినట్టూ అనిపించవచ్చు. కానీ వైరస్ మీ ఇంట్లోనే ఉంటే రెండో రోజుకు ఆ కొత్త అడ్రస్ కూడా పాడవుతుంది. పాత అడ్రస్ వేరే ఇంటికి వెళ్లి, మీ తప్పుకు వాళ్లు ఇబ్బంది పడతారు. అందుకే ముందు మన ఇల్లు చూసుకోవాలి.

వైరస్ మెయిల్‌ను గుర్తుపట్టడం

ఈ సమస్యలో చాలావాటికి మొదలు ఒక మెయిల్. 1999 మార్చిలో వచ్చిన మెలిస్సా, వర్డ్ ఫైలు తెరిచినవాళ్ల అవుట్‌లుక్ అడ్రస్ బుక్ తీసి మొదటి 50 మందికి తనను తానే పంపుకునేది. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి మొదలైన ఐ లవ్ యూ ఇంకా తెలివిగా వచ్చింది. దాని ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ, దాని తర్వాత ఇంకో చుక్క పెట్టి వీబీఎస్ అని ఉండేది. తనకు తెలిసిన ఫైలు రకాలకు చివరి ముక్కను విండోస్ దాచేస్తుంది కాబట్టి, చూసేవాళ్లకు అది మామూలు ప్రేమలేఖ లాగే కనబడింది. అసలు అది ప్రోగ్రాం.

విండోస్ ఇప్పటికీ ఆ చివరి ముక్కను దాచే వస్తోంది. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ నొక్కి, షో లోకి వెళ్లి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్ పెట్టండి. ఇకనుంచి పీడీఎఫ్ అని చెప్పుకుంటూ వచ్చినదాని చివర ఈఎక్స్‌ఈ ఉంటే మీ కళ్లకే కనిపిస్తుంది. ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్, జేఎస్, వీబీఎస్, ఎల్‌ఎన్‌కే, ఐఎస్‌ఓ, ఏపీకే. వీటిలో ఏది చివర ఉన్నా, పంపింది ఎవరైనా, తెరవకండి. చివర హెచ్‌టీఎమ్ఎల్ ఉన్న అటాచ్‌మెంట్ తెరిస్తే బ్యాంకు లాగిన్ పేజీలాంటి బొమ్మ వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. అదీ వద్దు.

ఎక్సెల్, వర్డ్ ఫైళ్ల సంగతి కొంచెం వేరు. వాటి లోపల దాగే చిన్న ప్రోగ్రాంలను మాక్రోలు అంటారు. నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలు వాటంతట అవి నడవకుండా మైక్రోసాఫ్ట్ 2022లో కట్టడి చేసింది. దాంతో దొంగలు ఐఎస్‌ఓ, ఎల్‌ఎన్‌కే ఫైళ్ల వైపు మళ్లారు. కానీ మన ఆఫీసుల్లో పాత ఆఫీస్ వెర్షన్లు ఇంకా చాలా నడుస్తున్నాయి. పసుపు పట్టీ మీద ఎనేబుల్ కంటెంట్ అని కనిపిస్తే నొక్కకండి. ఫైలు తెరవగానే అది నొక్కితేగానీ బిల్లు కనిపించదని రాసి ఉంటే, అది బిల్లు కాదు.

జిప్ ఫైలుకు తాళం వేసి, దాని పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో రాసి పంపితే వెంటనే అనుమానించండి. తాళం వేస్తే మెయిల్ సర్వర్‌లోని యాంటీవైరస్ లోపల చూడలేదు, ఆ ఏర్పాటు అందుకే. మన బ్యాంకులు కూడా స్టేట్‌మెంట్లకు తాళం వేస్తాయి కదా అంటారా? వేస్తాయి, కానీ అది పీడీఎఫ్. పాస్‌వర్డ్ కూడా మెయిల్లో రాసి ఉండదు, మీ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ లాంటి సూత్రం మాత్రమే చెప్తారు.

ఇక పంపినవాళ్ల పేరు సంగతి. మెయిల్లో ఫ్రమ్ దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు, పోస్టు కవరు మీద ఎవరి పేరైనా రాసినట్టే. 2003 ఆగస్టులో సోబిగ్, 2004 జనవరిలో మైడూమ్ ఇదే చేశాయి. రవి కంప్యూటర్‌కు వైరస్ పడితే అతని దగ్గరున్న అడ్రస్‌లలోంచి లక్ష్మి పేరు తీసుకుని, లక్ష్మి పంపినట్టుగా మీకు మెయిల్ వచ్చేది. మీరు లక్ష్మి మీద కోప్పడేవారు, ఆమెకు పాపం ఏమీ తెలియదు. మీరు అసలు రాయని మెయిల్ ఒకటి అవతలివాళ్లకు అందలేదంటూ మీకు వెనక్కి వస్తే, ఎక్కడో ఎవరో మీ పేరు ఇలాగే వాడారని అర్థం చేసుకోవచ్చు. అయినా మీ ఖాతాలో సెంట్ ఫోల్డర్ ఒకసారి చూడండి. ఆ మెయిల్ అక్కడ ఉంటే మాత్రం ఖాతాలోకే ఎవరో దూరారు.

ఆ తర్వాత వచ్చిన ఎమోటెట్ ఇంకో అడుగు ముందుకేసింది. మీరు నిజంగా ఎవరితోనో రాసుకున్న పాత మెయిల్‌ను దొంగిలించి, దానికే జవాబుగా వైరస్ ఫైలు తగిలించి పంపేది. 2021 జనవరిలో చాలా దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లను పట్టుకున్నారు, నవంబరుకల్లా మళ్లీ లేచింది. కాబట్టి ఇది నా మెయిల్‌కే జవాబు కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు.

అనుమానం వస్తే జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ చూడండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు ఉంటాయి, మెయిల్ చెప్పుకున్న చోటు నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు ఇవి. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌కు అక్కడ ఫెయిల్ అని ఉంటే చెత్తబుట్టలో వేయండి. పాస్ అని ఉన్నంత మాత్రాన మంచిదని నమ్మకండి. ఆ మెయిల్ ఆ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందని మాత్రమే దాని అర్థం, దొంగ తన సొంత డొమైన్‌కు కూడా పాస్ తెచ్చుకోగలడు. డొమైన్ పేరు అక్షరం అక్షరం చదవండి. కింద రిసీవ్డ్ అని మొదలయ్యే వరసలను అడుగు నుంచి పైకి చదవాలి. వాటిలో అన్నిటికంటే పైనున్నది మీ మెయిల్ కంపెనీ రాసింది కాబట్టి నమ్మొచ్చు. కిందివాటిని దొంగ కూడా కల్పించి ఉండవచ్చు.

తెలిసినవాళ్ల పేరుతో వస్తే ఆ మెయిల్‌కు జవాబు రాయకండి. ఫోన్ చేయండి. "అన్నా, నీ పేరుతో ఒక ఫైలు వచ్చింది, నువ్వే పంపావా?" అని అడిగితే చాలు. నిందిస్తున్నట్టు అడక్కండి, అతనూ బాధితుడే కావచ్చు.

మన ఊళ్లలో ఇప్పుడు ఇదే మోసం వాట్సాప్‌లో ఏపీకే (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) రూపంలో తిరుగుతోంది. పెళ్లి కార్డనీ, ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ డబ్బులనీ పేర్లు. పెళ్లి కార్డు ఫోటో అవుతుంది, పీడీఎఫ్ అవుతుంది, వీడియో అవుతుంది, ఏపీకే అవదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అమ్మానాన్నలకు ఈరోజే చెప్పండి.

ఫైలు మంచిదో కాదో తేలకపోతే వైరస్‌టోటల్ సైటులో పెట్టి చూడొచ్చు, అక్కడ పదుల కొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి చూస్తాయి. ఒక్క జాగ్రత్త: అక్కడ పెట్టిన ఫైళ్లు బయటి పరిశోధకుల చేతికి కూడా వెళ్తాయి. ఆధార్, జీతం కాగితాలు, కస్టమర్ల వివరాలు ఉన్నవి అక్కడ పెట్టకండి.

పొరపాటున తెరిచేస్తే

ఎవరినీ తిట్టొద్దు. తిడతారని భయపడి దాచేవాళ్ల వల్లే నష్టం పెరుగుతుంది. మా కాలేజీలో కూడా ఆఫీసులో ఆ ఫైలు తెరిచినవాళ్లు మొదటిరోజే చెప్పి ఉంటే మూడు రోజులు పోయేవి కావు. ఈ వరసలో చేయండి.

1. నెట్ తీసేయండి. కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఫోనైతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ ఉంటే తీసి పక్కన పెట్టండి, వాటినీ తర్వాత చూడాలి.

2. వేరే మంచి ఫోన్ గానీ కంప్యూటర్ గానీ తీసుకుని ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత బ్యాంకుది. వైరస్ పట్టిన మిషన్ మీదే కొత్త పాస్‌వర్డ్ కొడితే, దాన్ని దొంగకు మీరే చెప్పినట్టవుతుంది. మెయిల్ ఖాతాలో అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ చేయండి.

3. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడండి. ఇది చాలామంది మర్చిపోతారు. మీ మెయిళ్లన్నీ తన అడ్రస్‌కు వెళ్లేలా దొంగ అక్కడ ఒక నియమం పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా ఆగవు.

4. విండోస్‌లో విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ ఆగి, విండోస్ మొదలవకముందే స్కాన్ జరుగుతుంది. పావుగంట పడుతుంది. నడుస్తున్న విండోస్‌లో దాక్కునే వైరస్‌లు దీనికి దొరికే అవకాశం ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా వైరస్ తీసే టూల్స్ ఉచితంగా ఉంటాయి. దాని అడ్రస్ సీఎస్‌కే డాట్ గవ్ డాట్ ఇన్.

5. డబ్బు పోయిందంటే మిగతావన్నీ ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే బ్యాంకుకు చెప్పండి. ఇక్కడ ప్రతి నిమిషమూ ముఖ్యమే, డబ్బు ఖాతాలు దాటకముందే ఆపగలిగితే దక్కుతుంది.

ఫోన్లో ఏపీకే వేసుకున్నవాళ్లు ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ, ఎస్ఎంఎస్, డివైస్ అడ్మిన్ అనుమతులు ఇచ్చారేమో చూసి, తీసేసి, తర్వాత యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే ఫోటోలు దాచుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేయడమే మంచిది.

చాలా మిషన్లలో ఒక్కదాన్ని పట్టుకోవడం

కాలేజీ, ఆఫీసు, నెట్ సెంటర్ నడిపేవాళ్లకు ఇది. మనుషులను విచారించకండి, మిషన్లను చూడండి. మెయిళ్లు కుమ్మరించే వైరస్ బయటి సర్వర్ల పోర్ట్ 25కు, అంటే మెయిల్ తీసుకునే తలుపు దగ్గరకు వెళ్తుంది. మామూలు మనుషులు మెయిల్ పంపే ప్రోగ్రాంలు 587 గానీ 465 గానీ వాడతాయి. కాబట్టి రౌటర్‌లో 25ను బయటికి వెళ్లకుండా మూసేయండి, మీకు సొంత మెయిల్ సర్వర్ ఉంటే దానికి మాత్రం వదలండి. తర్వాత రౌటర్ లాగ్‌లో (అది రాసుకునే రికార్డులో) ఏ లోపలి అడ్రస్ పదేపదే ఆ మూసిన తలుపు తడుతోందో చూడండి. మా ఆఫీసు కంప్యూటర్ దొరికింది ఇలాగే. మొదటిరోజే చూసి ఉంటే ఆ పిల్లలకు ఆ అవమానం ఉండేది కాదు.

లాగ్ చూపించని చిన్న రౌటరైతే మిషన్లను సగం సగం చేసి నెట్ తీస్తూ వెళ్లండి. 40 ఉంటే ఆరు విడతల్లో ఒకదాని దగ్గరకు వస్తారు.

కంప్యూటర్లే చూసి ఊరుకోకండి. సీసీ కెమెరాలు, టీవీ బాక్సులు, పాత రౌటర్లు కూడా కంప్యూటర్లే. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరి లక్షల మిషన్ల సైన్యం తయారుచేసింది. ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్దపెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. రౌటర్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఇప్పుడే మార్చండి.

పేరు తీయించుకోవడం, ఫిర్యాదు రాయడం

శుభ్రం చేశాకే జాబితాలోంచి పేరు తీయమని అడగండి. ముందే అడిగితే తీసేస్తారు, వైరస్ మళ్లీ పంపుతుంది, మళ్లీ ఎక్కుతారు. పేరు తీయడానికి స్పామ్‌హాస్ డబ్బు తీసుకోదు, డబ్బు కడితే తీయిస్తామని ఎవరైనా వస్తే పంపించేయండి. మీరు సీజీనాట్ వెనక ఉండి, మీ ఇల్లు శుభ్రంగానే ఉంటే ఆ పని మీ నెట్ కంపెనీదే. కస్టమర్ కేర్‌కు రాసేటప్పుడు ముందు రాసుకున్న ఐపీ, టైము, స్క్రీన్‌షాట్ జత చేయండి. సొంతంగా మెయిల్ సర్వర్ నడపాలంటే నెలకు కొంత కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఎవరి అడ్రస్ నుంచో మీకు వైరస్ వస్తే ఆ అడ్రస్ ఏ కంపెనీదో హూఈజ్ అనే వెతుకులాటలో తెలుస్తుంది, ఫిర్యాదు ఎవరికి రాయాలో కూడా అక్కడే ఉంటుంది. ఐపీ ఒక్కటే రాస్తే ఆ సమయంలో దాని వెనక ఉన్న వందమందిలో ఎవరో కంపెనీ చెప్పలేదు. తేదీ, గంట, నిమిషం, సెకను, అది భారత కాలమా ఇంకో కాలమా, వీలైతే పోర్ట్ నంబరు, మెయిల్ పూర్తి హెడర్ (షో ఒరిజినల్‌లో పైన కనిపించే వరసలు), ఇవన్నీ ఉండాలి. ఆలస్యం కూడా చేయొద్దు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లను 180 రోజులు దాచాలి, ఆలస్యమైతే అవి దొరకకపోవచ్చు. సెర్ట్-ఇన్ టోల్ ఫ్రీ నంబరు 1800-11-4949. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మోసపూరితంగా వైరస్ ఎక్కించినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడవచ్చు. తెలియక తన మిషన్‌కు వైరస్ పట్టించుకున్నవాళ్ల కోసం రాసిన సెక్షన్లు కావవి.

మీ ఐపీ నుంచి నేరం జరిగిందని ఎవరైనా వీడియో కాల్ చేసి భయపెడితే ఫోన్ పెట్టేయండి. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. ఆ నంబరును 1930కి చెప్పండి. నిజంగా పోలీసులు స్టేషన్ నుంచి అడిగితే మీ లైను సీజీనాట్ కిందిదైతే ఆ సంగతి, పోర్ట్ నంబరుతో కంపెనీని అడిగితే అసలు కనెక్షన్ తెలుస్తుందని మర్యాదగా చెప్పండి.

బ్లాక్ చేసే చేయి మీదైతే

మీరే ఒక సైటునో సర్వర్‌నో చూసుకునేవాళ్లయితే ఐపీ మీద బ్లాక్ వేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. 2006 ముగిసి 2007 మొదలయ్యే రోజుల్లో ఇంగ్లిష్ వికీపీడియాలో అల్లరి చేస్తున్న ఒక అడ్రస్‌ను ఒక నిర్వాహకుడు బ్లాక్ చేశాడు. ఖతర్ దేశపు ట్రాఫిక్ దాదాపు మొత్తం ఆ ఒక్క అడ్రస్ మీదుగానే బయటికి వస్తోందని ఆయనకు తెలియదు. ఖాతా లేని వాళ్లెవరూ ఆ దేశం నుంచి ఒక్క అక్షరం మార్చలేకపోయారు. సంగతి తెలిసి త్వరలోనే ఎత్తేశారు.

అందుకే ముందు ఖాతాను ఆపండి, ఐపీని కాదు. ఐపీని ఆపక తప్పకపోతే గంటల్లో పెట్టండి, నెలల్లో వద్దు. అంతకుముందు ఆ అడ్రస్ నుంచి మంచి వాడకందార్లు ఎంతమంది వచ్చారో చూడండి. ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లకు దారి వదలండి. బ్లాక్ పేజీ మీద కారణం, ఎప్పటివరకు, ఎవరికి రాయాలి అన్నవి తెలుగులో కూడా రాయండి.

కాలేజీలో తెలుగు వికీపీడియా శిక్షణ పెట్టాలనుకునేవాళ్లకు కూడా ఇదే చిక్కు వస్తుంది. ఒక ఐపీ నుంచి ఒక రోజులో 6 ఖాతాలే తెరవనిస్తారు, ఏడో విద్యార్థి దగ్గర ఆగిపోతుంది. కాలేజీ ఐపీ, తేదీ, ఎంతమంది వస్తారో చెప్పి కొన్ని రోజుల ముందే వికీమీడియా వాళ్లను మినహాయింపు అడగండి. కుదరకపోతే పిల్లలను ఎవరి ఇంటి దగ్గర వాళ్లు ముందురోజే ఖాతా తెరుచుకుని రమ్మనండి.